ఎండిన చేలో వదిలిన గడులు

పోయిన నెల మా తమ్ముడి చేను చూడడానికి వ్యవసాయ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. స్కూటీ గట్టు పక్కన ఆపి, ముఖానికి చుట్టుకున్న చున్నీ విప్పకుండానే చేలోకి దిగి, ఫోనుతో నాలుగు మూలలా నాలుగు ఫోటోలు తీసుకుంది. "పెద్దమ్మా, మీరు నీడలోకి పోండి, అయిపోయింది" అని తమిళంలో చెప్పి, మేమిచ్చిన మజ్జిగ నిలబడే తాగి వెళ్ళిపోయింది. ఆమె బండి మలుపు తిరిగాక తమ్ముడు ఎండిన వేరుశెనగ మొక్క ఒకటి పీకి, మట్టి దులిపి, కాయను రెండు వేళ్ళ మధ్య నొక్కాడు.

"లొట్ట" అన్నాడు.

ఆ దులుపులో ఒక వాసన లేచింది. ఎండకు మాడిన ఆకు, దుమ్ము, వాటి వెనక కొంచెం పచ్చి చేదు. ఆ వాసన పీల్చి ఎన్నేళ్ళయిందో. తమ్ముడు నష్టపరిహారం గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. నాకు మాత్రం పదకొండేళ్ళ వయసు వచ్చేసింది. గట్టు మీద మా అవ్వ నిలబడి ఉంది.

గుడియాత్తానికి ఉత్తరాన, కొండల కింద మా ఊరు. కొండెక్కి దిగితే అవతల చిత్తూరు జిల్లా. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, సంతలో రెండూ. మా ఊళ్ళో పెద్దవాళ్ళకు ఏ లిపీ రాదు. తెలుగు అక్షరాలు నేను కూడా పంతులమ్మనయ్యాకే నేర్చుకున్నాను. ఇంట్లో అవ్వ, నాయన, అమ్మ, నేను. తమ్ముడు అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడు. అవ్వ నాయనకు తల్లి. తాత పోయినప్పటి నుంచి ఏ చేలో ఏం వేయాలో చెప్పేది ఆమే. మాకు మూడు చేలుండేవి, మూడూ వానను నమ్ముకున్నవే. వాటితో పాటు ఒక ఎద్దుల జత, ఒక చూడి ఆవు.

ఆ ఏడు తమిళుల ఆడి నెలలో, ఆషాఢం అటూ ఇటూగా, వాన బాగా పడింది. ఇంట్లో ఉన్న విత్తనమంతా చల్లేశాం. నెల తిరిగేసరికి చేలు పచ్చగా, పసుపు పూలతో నిండిపోయాయి. ఆ తర్వాత ఆకాశం మొహం చాటేసింది. వేరుశెనగకు పువ్వు రాలాక ఊడలు భూమిలోకి దిగాలి, దిగితేనే కాయ. మా నేల రాయిలా గట్టిపడిపోయింది. అవ్వ రోజూ పొద్దున చేలో గొంతు కూర్చుని, మొక్కలు పక్కకు వంచి, గాలిలో వేలాడుతున్న ఊడల్ని వేలితో తాకి చూసేది. ఒకరోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఇంక ఇది సావి పంటే" అంది. సావి అంటే మా వైపు గింజ పట్టకుండా చచ్చిన పంట. ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో వణుకు లేదు. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటి నుంచి ఇంట్లో తిండి పద్ధతి మారింది. రాగి సంగటి పొద్దున ఒక్కపూటే. రాత్రికి ఉలవలు ఉడికించిన నీళ్ళలో చింతపండు, ఎండుమిరపకాయ వేసి కాచిన చారు, అందులోకి వేళ్ళతో లెక్కపెట్టగలిగినన్ని ఉలవలు. చింతగింజలు వేయించి పైతోలు ఊదేసి బుగ్గన పెట్టుకుంటే బడి వదిలేదాకా నానుతూ ఉండేవి. పంతులుగారు పాఠం అడిగితే గింజ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని జవాబు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

అలాంటప్పుడు ఒక సాయంత్రం తలారి తప్పెట కొట్టుకుంటూ వచ్చాడు. తాలూకాలో కరువని సర్కారు ఒప్పుకుందట. పంట చచ్చినవాళ్ళకు ఆ ఏడు భూమి పన్ను లేదు, వచ్చే ఆడికి విత్తనం ఇస్తారు, అప్పటిదాకా పశువులకు గుడియాత్తం డిపోలో చీటీ మీద గడ్డి. అయితే అధికారి వచ్చి చేను కళ్ళారా చూడాలి. చూసేదాకా పంట నేల మీదే ఉండాలి. వెనకే వచ్చిన కరణం ఇంకో మాట చెప్పాడు.

"ఆయన వచ్చే రోజుకు కయ్య ఖాళీగా ఉంటే నేను తరిసు అని రాసేస్తా. అప్పుడు నన్ననొద్దు."

కయ్య అంటే చేను, తరిసు అంటే అసలు సాగే చేయని బీడు. బీడుకు నష్టం ఎక్కడిది? విత్తనమూ ఉండదు, గడ్డీ ఉండదు.

వారం గడిచింది. అధికారి రాలేదు. రెండో వారమూ పోయింది. కొండ మీద గడ్డి మొదళ్ళతో సహా అయిపోయింది. మా ఎద్దుల పక్కటెముకలు బయటపడ్డాయి. చూడి ఆవు లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి లేచేది. కళ్ళ ముందే మూడు చేల నిండా ఎండిన వేరుశెనగ కట్టె. అదే వాటికి మంచి మేత. దాన్ని తాకకూడదు.

మా పక్క చేను చిన్నాయనది. నాయనకు చిన్నాన్న కొడుకు. ఆయన ఒకరోజు తట్టుకోలేక చేలోకి మందను వదిలేశాడు. సాయంత్రానికి చేను గుండు గీసినట్టయింది. అది చూసి వచ్చి నాయన కంచం ముందు కూర్చుని అవ్వతో గొడవపడ్డాడు. నాయన అవ్వకు ఎదురు చెప్పడం నేను అంతకుముందు వినలేదు.

"ఎండినా అది మేతే గదమ్మా. ఆ ఎద్దులు పడిపోతే రేపు వానొచ్చినా దున్నేదెవురు?"

"ఎద్దులు నిలిచి ఇత్తనం లేకపోతే, దున్నిన కయ్యిలో ఏం జల్లతావు నాయనా?"

"ఆయప్ప వస్తాడని యాడుండాది? వచ్చేలోపల ఆవు సచ్చిపోతాది."

ఇద్దరి మాటా నిజమే. అది నాకు కూడా తెలిసింది కాబట్టే గిన్నెలో చారు తాగబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున అవ్వ చేల దగ్గరకు నన్ను వెంటబెట్టుకుపోయింది. గట్టు మీద చాలాసేపు నిలబడి, "అప్పుడు బాయి కింద వరి కోసేటప్పుడు ఆఫీసరోళ్ళు వచ్చినారు, నీకు గుర్తుండాదా?" అని అడిగింది. గుర్తుంది. మూడేళ్ళ కిందట అవ్వ పుట్టింటివాళ్ళ వరి మడిలో ఇద్దరు ఆఫీసర్లు తాడూ మేకులూ తెచ్చి, మడి మధ్యలో మంచమంత చోటు చదరంగా గీసి, ఆ గడిలో పైరు మాత్రం కోయించి, వడ్లు తూచుకుని పోయారు. ఊరంతా ఎంత పండిందో ఆ గడిని బట్టే తెలుస్తుందని చెప్పారు. మేం పిల్లలం తాడు చుట్టూ గెంతుతుంటే వాళ్ళే తరిమారు.

"ఆ పొద్దు వాళ్ళు గడి యాడ గీయాల్నో ఎట్ల తేల్చినారో చూస్తివా?"

"అడుగులు లెక్కబెట్టినారవ్వా. కాయితంలో ఉండే అంకె చూసి."

"అదే. వాళ్ళకిష్టమొచ్చిన చోట గీయలే. మనం గూడా అట్లే ఒక గడి మిగిల్చి, తక్కింది మేతకు పీకేద్దాం."

అంకె ఎవరు చెప్పాలి? మేం చెబితే బాగా ఎండిన చోటు ఏరుకున్నారంటారు. సరిగ్గా అప్పుడే గాజుల మలారం భుజాన వేసుకుని ఒక శెట్టి బాట మీద పోతున్నాడు. ఆయనది మా ఊరు కాదు, మా చేలు ఆయనకు తెలియవు. అవ్వ ఆయన్ని ఆపి ఏదైనా ఒక అంకె చెప్పమంది. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ముప్పైరెండు" అన్నాడు. ఎందుకమ్మా అని అడిగాడు. అవ్వ చెప్పింది. ఆయనకు ఏం అర్థమైందో తెలియదు గానీ, నేను ముప్పైరెండు అడుగులు లెక్కపెట్టేదాకా మలారం దించి నీడన కూర్చున్నాడు.

మూడు చేలలోనూ గట్టు నుంచి ముప్పైరెండు అడుగులు లోపలికి పోయి, నాయన నాలుగు మేకులు పాతి ఎద్దు పగ్గంతో గడి కట్టాడు. చుట్టూ కంప వేశాడు. మిగతా చేనంతా ఆ రోజే పీకడం మొదలుపెట్టాం. మొదటి మోపు కొట్టంలో వేసినప్పుడు ఎద్దులు నమిలిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. నాయన వాటి వెన్ను నిమురుతూ అక్కడే నిలబడిపోయాడు. అవ్వతో మాట్లాడలేదు గానీ, ఆ పూట ఆమె కంచంలోకి ఉలవలు తనే వడ్డించాడు.

చిన్నాయన వచ్చి చూసి నవ్వాడు. "ఏంది పెద్దమ్మా, కయ్యి నడిమిద్దిలో ఈ కంపలు? దయ్యాలు పట్టుకుంటాయనా?"

"నీ చేలో గూడా ఒక గడి మిగిల్చింటే బాగుండునప్పా" అంది అవ్వ. ఆయన నవ్వు ఆగింది. ఆయన చేలో మిగల్చడానికేం లేదు.

మిగతా వాళ్ళు రెండు రోజులు చూసి, మూడో రోజు తామూ మొదలుపెట్టారు. అందరికీ ముప్పైరెండే. నేను ఊళ్ళో చేలన్నీ తిరిగి అడుగులు లెక్కపెట్టాను. నా అడుగులే కావాలన్నారు, పెద్దవాళ్ళవైతే ఎవరివి వాళ్ళకు వేరుగా ఉంటాయని. బళ్ళో మొదటి మార్కు వచ్చినప్పుడు కూడా నేనంత ఠీవిగా నడవలేదు.

గడులు కట్టాం సరే, చూసేవాడు రావాలి కదా. అవ్వ నన్ను కూర్చోబెట్టి తాసిల్దారుకు అర్జీ రాయించింది. ఆమె తెలుగులో చెప్పింది, నేను తమిళంలో రాశాను. రాసింది చదివి వినిపించమంది. బళ్ళో నేర్పిన పద్ధతిలో చివర "తమరు మాపై కనికరించి" అని పెట్టాను.

"ఆ మాట కొట్టేయ్."

"బళ్ళో అట్లే రాయమన్నారవ్వా."

"అది బడికి సెలవు అడిగేదానికి. మనం సెలవు అడగలేదు. వచ్చి చూడమంటా ఉండాం, అంతే."

కొట్టేస్తే కాగితం అసహ్యంగా కనబడుతుందని కొత్త కాగితం తీసుకున్నాను. ఆమె దాన్నీ చదివించుకుని, అలాంటిదే ఇంకోటి రాయమంది. ఎందుకో చెప్పలేదు. బళ్ళో తప్పు చేసినవాళ్ళతోనే రాసిందే మళ్ళీ రాయిస్తారు, కాబట్టి నేను మూతి ముడుచుకునే రాశాను.

తెల్లారి నడిచి రోడ్డుకు వచ్చి బస్సు పట్టుకుని గుడియాత్తం పోయాం. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. నూలుకు పట్టించే గంజి వాసన. ఆ గంజి వాసనకే నేను ఒక గుమ్మం ముందు ఆగిపోయాను. తాలూకా ఆఫీసులో ఒక గుమాస్తా అర్జీ అందుకుని, చూడకుండానే గుట్ట మీద పడేసి, సరే పొమ్మన్నాడు. అవ్వ రెండో కాగితం తీసింది.

"ఇందాంట్లో ముద్ర ఏసియ్యప్పా. ఇచ్చినట్ల మా కాడ ఒకటి ఉండాల గదా."

ముద్ర వేయడం కుదరదన్నాడు. అవ్వ వాదించలేదు. వరండాలో ఆయనకు ఎదురుగా కూర్చుని మూట విప్పి, సంగటి ముద్ద నా చేతిలో ఒక సగం, తన చేతిలో ఒక సగం పెట్టింది. తిన్నాం. కడుక్కుని వచ్చి మళ్ళీ అక్కడే కూర్చున్నాం. గుమాస్తా తల ఎత్తినప్పుడల్లా ఎదురుగా మేమే. మధ్యాహ్నం ఎండ వరండా మెట్ల మీద నుంచి దిగేవేళకు ఆయన విసుగ్గా చెయ్యి చాచి కాగితం తీసుకుని ముద్ర కొట్టాడు. కొట్టాక ఎందుకో అర్జీ మొత్తం చదివాడు. "గడులా?" అన్నాడు. లేచి లోపలికి పోయి వచ్చి, శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వస్తాడని చెప్పాడు. తిరిగి వస్తూ అవ్వ నాకు ఒక బొరుగు ఉండ కొనిపెట్టింది. తను తినలేదు. నేను సగం తిని, మిగతాది అమ్మకని దాచి, బస్సులో ఆ సగం కూడా తినేశాను.

గురువారం మధ్యాహ్నం నేను చేసిన పని చెప్పాలి. అప్పటికి పీకిన మేతంతా అయిపోవచ్చింది. ఉన్న కాస్తా ఎద్దులకు పోయింది. ఆవు నా వైపు చూసింది. నేను నేరుగా రెండో చేలోకి పోయి, కంప కింద నుంచి చెయ్యి దూర్చి, గడి మూల నుంచి రెండు చేతులకు పట్టినంత పీకి, పావడాలో వేసుకొచ్చి దానికి పెట్టాను. అది తినడం చూస్తూ మెడ గోకాను. చాలా మంచి పని చేశాననే అనిపించింది. మోచేతుల మీద కంప గీతలు చూసి అవ్వ కనిపెట్టేసింది.

కొడుతుందనుకున్నాను. ఆమె గీతల మీద ఆముదం రాసింది.

"రేపు ఆయప్ప వచ్చినప్పుడు నువ్వే చెప్పాల."

"చెప్తే మనకు తరిసు రాసేస్తారవ్వా."

"చెప్పకుండా ఆయప్ప కనుక్కుంటే ఊరికంతా రాసేస్తారు."

శుక్రవారం జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ చిన్నవాడే, నాయన కన్నా చిన్నవాడు. వెంట కరణం అడంగల్ పుస్తకం పట్టుకుని దిగాడు. మా మొదటి చేను చూసి కరణం ముందే అనేశాడు: "తరిసు సార్. పీకేసినారు."

"రూలు ప్రకారం చేలో పంట ఉండాలి కదా పాట్టీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్ తమిళంలో, పుస్తకంలోకి చూస్తూనే. పాట్టీ అంటే అవ్వ. ఊరంతా గట్ల మీద చేరింది. అవ్వ కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది. ఆమెకు తమిళం బాగా వచ్చు. కానీ ఆ రోజు సగం తమిళం, సగం తెలుగు కలిసి వచ్చాయి. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"పంట ఎంత పండిందో మీరెట్ల తెలుసుకుంటారు నాయనా? ఊళ్ళో వరంతా కోయించి తూస్తారా? తాడు పట్టి ఒక గడి కొలిచి, ఆ గడిలో ఉండేది తూచి, ఊరంతా ఇంత పండిందని రాసుకుంటారు. మేం కళ్ళారా చూసినాం. పండిందాన్ని గడి చూసి నమ్మినోళ్ళు, ఎండిందాన్ని గడి చూసి నమ్మరా?"

కరణం ఏదో అనబోయాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఎత్తి ఆపాడు. కంపలు కట్టిన చోటు వైపు మొదటిసారి చూశాడు. అక్కడే ఎందుకు వదిలారని అడిగాడు. అవ్వ గాజుల శెట్టి సంగతి చెప్పింది. ఆయన మళ్ళీ చెప్పించుకున్నాడు, సరిగా విన్నానో లేదో అన్నట్టు. తర్వాత జీపులోంచి తాడు తెప్పించాడు.

రెండో చేలో కంప తీయగానే మూల బోసిగా కనబడింది. ఎవరూ నా వైపు చూడలేదు. అవ్వ కూడా చూడలేదు. కాళ్ళు వాటంతట అవే ముందుకు పోయాయి.

"అది నేను పీకినాను సార్" అన్నాను బడి తమిళంలో. "మా ఆవు చూడిది. నిన్న దానికి పెట్టినాను."

"ఎన్ని మొక్కలు?"

లెక్కపెట్టలేదు. రెండు చేతులూ చాచి ఇంత అని చూపించాను. మోచేతుల మీద గీతలు కూడా ఆయనకు కనబడ్డాయి. ఆయన తాడు ఆ మూల వదిలి లోపలికి జరిపి కట్టించి, తనే గొంతు కూర్చుని ఒక్కో మొక్కా పీకాడు. అవ్వను కొంగు పట్టమని కాయలన్నీ అందులో పోసి, ఒక్కొక్కటి నొక్కి చూశాడు. అన్నీ లొట్టలే. ఎక్కడో రెండు కాయల్లో ముడతలు పడ్డ గింజలు, మిరియాలంత. వాటిని కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. కరణం వైపు తిరిగి, "సావి అని రాయండి" అన్నాడు. "గడి ఉన్న చేలన్నిటికీ ఇలాగే చూస్తాం."

సాయంత్రం దాకా చూశాడు. ఊళ్ళో గడి కట్టిన ప్రతి చేనూ సావి కిందే పడింది. చిన్నాయన చేను మాత్రం తరిసయింది. అవ్వ ఆయన కోసం కూడా గట్టిగానే అడిగింది. చేను వేసినట్టు ఊరంతా సాక్ష్యం చెప్పింది. ఇన్‌స్పెక్టర్ మొహం చిన్నబుచ్చుకుని, చూడనిది రాయలేను పాట్టీ అన్నాడు. చిన్నాయన అప్పటికే అక్కడి నుంచి వెళ్ళిపోయాడు.

గడ్డి చీటీలు పది రోజుల్లో వచ్చాయి. ఎద్దులు నిలబడ్డాయి. ఆవు పెయ్యదూడను వేసింది. ఆడి దగ్గరపడ్డాక విత్తనం వచ్చింది, గోనె సంచుల్లో, పురుగుల మందు ఘాటుతో. నోట్లో వేసుకుంటే చస్తారని పిల్లలందరినీ బెదిరించారు. మా సంచి ఇంటికి చేరిన రోజే అవ్వ దాన్ని విప్పి, సగానికి కొంచెం తక్కువగా వేరే గంపలోకి కొలిచి, నాయన నెత్తిన పెట్టింది. నాయన ఎక్కడికని అడగలేదు. అవ్వతో పాటు నేనూ వెంట పోయాను.

చిన్నాయన గంపను నాయన నెత్తి మీద నుంచి దించుకున్నాడు. "ఎప్పుడు తిరిగియ్యాల పెద్దమ్మా?" అన్నాడు చివరికి, మేం వెళ్ళిపోతుంటే.

"నీ కయ్యి ఇచ్చినప్పుడు" అంది అవ్వ.

ఆ ఏడు వాన నిలబడింది. తొలి కోతలో చిన్నాయన బుట్టెడు పచ్చికాయలు, ఇంకా మట్టి ఆరనివి, తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. అవ్వ ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టి ఊపింది. లోపల గింజ కదలలేదు, అంత నిండుగా ఉంది. పగలగొట్టి, గింజ కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది. చిన్నాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇత్తనానికి పనికొస్తాది" అంది.

చిన్నాయన మొహం ఆ మాటకు ఎలా విప్పారిందో నేను చూశాను. తర్వాత ముప్పైయేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను, బాగా రాసినవాళ్ళను రకరకాలుగా మెచ్చుకున్నాను. అంత పెద్ద మెప్పు ఎవరికీ ఇవ్వగలిగానని అనుకోను.